పెత్రమాస నాడు ఆర్పిన పొయ్యి

ముందే చెబుతున్నాను, ఇది కోపంతో రాస్తున్నది. చల్లారాక రాయొచ్చు కదా అంది మా ఇంటావిడ. చల్లారితే నేను రాయనని ఆమెకూ తెలుసు.

మొన్న పొద్దున కండ్లకోయ దగ్గర హైవే పక్కన చాయ్ హోటల్లో కూర్చున్నాను. కాలేజీ బస్సు కోసం నిలబడ్డ ఇంజనీరింగ్ పిల్లలు ఒక ఫోన్ చుట్టూ మూగారు. ఏదో పెద్ద దేశం ఇంకేదో చిన్న దేశం మీద బాంబులు వేస్తున్న వీడియో. ఆకాశం నుంచి తీసింది. ఒక ఇంటి కప్పు కనిపిస్తుంది, తర్వాత పొగ, ఆ తర్వాత కప్పు ఉండదు. "మస్తు కొట్టిండ్రుర బై, సీదా నడినెత్తి మీద" అన్నాడొకడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టి చూశారు.

పక్క బల్ల దగ్గర మా కాలనీ పెద్దమనిషి ఉన్నారు. బ్యాంకు ఆఫీసరుగా రిటైరై, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయన. చెడ్డవాడు కాదు, కాలనీలో ఎవరింట్లో చావైనా అందరికంటే ముందు వచ్చి నిలబడతాడు. ఆయన చాయ్ ఊదుకుంటూ అన్నారు: "అలాగే కొట్టాలండీ. పెద్ద దేశమన్నాక అప్పుడప్పుడూ చెయ్యి చేసుకోకపోతే ఎవడూ మాట వినడు. అవతల జనానికి కూడా మంచిదేగా, ఆ దుర్మార్గుల పీడ విరగడౌతుంది."

నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "అవతలి జనమంటే ఎవరు సార్? అందుల ఒక్క మనిషిని చూసిండ్రా మీరు?" అన్నాను.

"మీరు చూశారుగా. అక్కడెక్కడో పనిచేశారట కదా" అన్నారాయన, నవ్వుతూనే.

పిల్లల్లో ఒకడు తల తిప్పాడు. "తాతా, నువ్వు యుద్ధంల ఉన్నవా? తుపాకి పట్టినవా?"

"గరిటె పట్టిన" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. ఇంతలో బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు. అలా నవ్వి బస్సెక్కిన పిల్లలూ, మీకోసమే ఇది. గట్టు మీద కూర్చుని ఈత గురించి మాట్లాడే మా పెద్దమనిషి కూడా చదివితే సంతోషం.

మాది లాల్‌గడి మలక్‌పేట్. ఇప్పుడు వెంచర్ల వాళ్ళు రంగురాళ్ళు పాతిన చోట మా నాయిన జొన్న వేసేవాడు. నాకు వ్యవసాయం అబ్బలేదు. మేడ్చల్ రోడ్డు మీద ఒక ధాబాలో, తర్వాత దూలపల్లిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేశాను. ఒక ఏజెంటు గల్ఫ్‌లో స్టార్ హోటల్ ఉద్యోగమన్నాడు. గల్ఫ్‌లో దిగాక మా పాస్‌పోర్టులు తీసుకుని, కిటికీలకు తెరలు కట్టిన బస్సులో ఎక్కించారు. సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియలేదు. దిగేసరికి చుట్టూ ఇసుక బస్తాల గోడలు, ముళ్ళ తీగ, కాపలా గోపురాలు ఉన్నాయి. అది ఒక పెద్ద దేశపు సైన్యం ఇంకొకళ్ళ దేశంలో వేసుకున్న క్యాంపు. స్టార్ హోటల్ అన్నది సైనికుల మెస్సు.

ఆ దేశం పేరు చెప్పను. చెప్పగానే మీరు వాళ్ళది ఏ మతం, ఎవరి పక్షం అని లెక్కేసుకుని, ఆ తర్వాత జాలిపడాలో వద్దో తేల్చుకుంటారు. నాకు తెలుసు, నేనూ వెళ్ళకముందు అలాంటివాణ్ణే.

మెస్సు వంటశాలలో మా పెద్ద దిక్కు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ముసలి వంటమనిషి. అందరం పెద్దన్న అనేవాళ్ళం. మోకాళ్ళు అరిగిపోయినా పొయ్యి ముందు నిలబడితే కదిలేవాడు కాదు. ఇంగ్లీషు అసలు రాదు. క్యాంటీన్లలో పనిచేసి నాకు కాస్త వచ్చు కాబట్టి ఆయనకూ పైవాళ్ళకూ నడుమ నేనే నోరు.

ఇంకొకడు క్యాంపు పక్కనున్న ఊరివాడు. రోజుకూలీగా పొద్దున గేటు దాటి వచ్చి, ఉల్లిగడ్డలు తరిగి, గిన్నెలు కడిగి, సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు. యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో స్కూలు బస్సు నడిపేవాడట. బడి కప్పు కూలింది, బస్సు కాలింది. పిల్లలేమయ్యారని ఒకసారి అడిగితే చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ నేను అడగలేదు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మేము తమ్ముడని పిలిచేవాళ్ళం. మా దగ్గర తెలుగు పట్టాడు. వంటశాల తెలుగు కదా, అంతా తిండి చుట్టూ తిరిగేదే. పొద్దున్నే రాగానే "అన్నా, తిన్నవా?" అనేవాడు. మేము ఏం పెట్టినా తిని "ఉప్పు తక్కువ" అనేవాడు, నిజంగా తక్కువైనా కాకపోయినా. వెళ్ళేటప్పుడు పెద్దన్న నేర్పిన "సల్లగుండు" అనే మాట తప్పేవాడు కాదు.

ఆ క్యాంపులో నాకు మొదట మండింది అన్నం దగ్గరే. మిగిలిన వంటంతా గుంటలో పోసి కాల్చెయ్యాలని రూలు. గేటు అవతల ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉండేవాళ్ళు. వాళ్ళు చూస్తుండగా ఇక్కడ కోడి కూర, రొట్టెలు, అన్నం మంటల్లోకి పోయేవి. బయటికిస్తే భద్రతకు ముప్పట. అన్నం ముప్పెట్లా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. నెలకోసారి వాళ్ళ దేశం నుంచి సూట్లేసుకున్న పెద్దలు కెమెరాలతో దిగేవాళ్ళు. అదే మెస్సులో మైకు పట్టుకుని "ఈ ప్రజలను కాపాడటానికి వచ్చాం" అని చెప్పేవాళ్ళు. ఆ ప్రజలలో ఒకడు వెనకాల వాళ్ళ ఎంగిలి ప్లేట్లు కడుగుతూ ఉండేవాడు. వాడితో ఒక్కడూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ వానాకాలం పెద్దన్న తండ్రి చనిపోయాడు. పంపమని మమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీని బతిమాలాం. కాంట్రాక్టు పూర్తయ్యాక పొమ్మన్నారు. పెద్దన్న క్యాంపు మంగలి దగ్గర గుండు చేయించుకుని, మర్నాడు వచ్చి యథాప్రకారం పప్పు పొయ్యి మీద పెట్టాడు. ఏడవలేదు. పెత్రమాస దగ్గరికొస్తుంటే మాత్రం మనిషి నిలవలేకపోయాడు. "కొరివి పెట్టకపోతిని, పిండం పెట్టకపోతిని. ఇగ పెత్రమాసకన్న బాపుకింత బువ్వ పెట్టకుంటె నేనెందుకురా?" అన్నాడు.

పెత్రమాస అంటే తెలియని పట్నం పిల్లలుంటే చెబుతాను. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు మా దిక్కు చనిపోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి, ఇంటి మీద పెట్టి కాకులను పిలుస్తాం. కాకి ముడితే పెద్దలు తిన్నట్టు. ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ ఆ పూట ముద్ద దిగదు.

అక్కడా కాకులున్నాయి, కానీ ఒంటి మీద బూడిద రంగు, రెక్కలు మాత్రం నలుపు. "ఇవి మన కాకులు కావు గద పెద్దన్నా, బాపు వీటిల వస్తడా?" అని మాలో ఒకడు అనుమానం లేవదీశాడు. పెద్దన్న కాసేపు వాటికేసి చూసి, "గంత దూరం నడిచొచ్చిండు, తొవ్వల దుమ్ము వడ్డది తియ్" అన్నాడు. అందరం నవ్వాం.

కాకులు వాలేది ఒక్కచోటే. కూరగాయలు చల్లగా నిల్వ ఉంచే ఇనప కంటైనరు కప్పు మీద, ఏసీ నీళ్ళు కారి నిలిచే దగ్గర. కప్పుల మీదికి ఎక్కకూడదని మాకు తెలుసు, గోపురంలో కాపలా సైనికులు ఎప్పుడూ చూస్తూనే ఉంటారు. అందుకే ముందురోజే నేను మెస్సు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయనా ఆ పెద్ద దేశం వాడే. మా ఆచారం ఇదీ అని చెప్పి, ఒక మనిషి పైకెక్కి అన్నం పెట్టి దిగుతాడు అని అడిగాను. ఆయనకు భలే సరదా వేసింది. "పక్షులకు భోజనమా? సరే సరే, గోపురానికి నేను చెబుతాను" అని నా భుజం తట్టాడు.

పెత్రమాస పొద్దున పెద్దన్న వేరే గిన్నెలో వండాడు. అన్నం, పప్పు, గారెలు, బెల్లం పాయసం. విస్తరాకు ఎక్కడ దొరుకుతుంది? వంటశాలలో ఉండే వెండి కాగితం పళ్ళెంలో సర్ది, ఈగలు వాలకుండా పైన అదే కాగితం కప్పాడు. నిచ్చెన వేసి ఒక మెట్టు ఎక్కాడు. మోకాలు సహకరించలేదు. నేను ఎక్కబోతుంటే తమ్ముడు అడ్డం వచ్చాడు. "అన్నా, నువ్వు లావు. నిచ్చెన ఇరుగుతది. నేను పెడ్త" అన్నాడు. వాడికి ఆ సంగతంతా వారం రోజులుగా విని విని కంఠతా వచ్చేసింది. పళ్ళెం పట్టుకుని ఎక్కాడు, వంగి నీళ్ళ పక్కన పెట్టాడు, కాగితం తీశాడు. ఎండకు అది ధగధగా మెరిసింది.

తుపాకీ ఒక్కసారే పేలింది. తమ్ముడు కప్పు మీద నుంచి మా ముందు పడ్డాడు.

తొడ చిల్లుపడి నెత్తురు కారుతోంది. సైనికుల వైద్య సిబ్బంది పరుగున వచ్చి గుడ్డ బిగించి కట్టారు, స్ట్రెచర్ మీద వేసుకుని పోయారు. ఆసుపత్రి టెంటుకు తీసుకుపోయారనుకున్నాను. నన్నేమో ఒక అధికారి ముందు కూర్చోబెట్టారు.

"కప్పు మీద ఏం పెట్టాడు?"

"అన్నం సార్."

"ఎవరికి?"

"మా పెద్ద వంటాయన తండ్రికి."

"ఆ తండ్రి ఎక్కడున్నాడు?"

"చనిపోయాడు."

"చనిపోయినవాడు కప్పు మీదికి వచ్చి తింటాడా?"

"కాకిలా వచ్చి తింటాడు సార్."

ఆయన రాసుకున్నది కొట్టేశాడు. "మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మేనేజరును అడగమన్నాను. మేనేజరును పిలిచారు. ఆయన తల గోక్కుని, "అవును, ఏదో పక్షుల గురించి అన్నాడు, నేను జోక్ అనుకున్నాను" అన్నాడు. గోపురానికి చెప్పలేదు. ఒక్క రేడియో పిలుపు, ఒక్క మాట. వంటవాళ్ళ మాట కదా, రేడియో దాకా ఎందుకనుకున్నాడు. నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది, అచ్చ తెలుగులో తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను, ఇది మా ఇంటావిడ చదువుతుంది.

బయటికొచ్చి చూస్తే తమ్ముడు ఆసుపత్రి టెంటులో లేడు. గేటు దగ్గర నీడలో స్ట్రెచర్ మీద పడి ఉన్నాడు. కట్టిన గుడ్డ ఎర్రగా తడిసిపోయింది. స్థానికులకు ఊరి ఆసుపత్రే, క్యాంపు ఆసుపత్రిలో చేర్చుకోరు, ఊరి నుంచి బండి వస్తుందన్నారు. ఏ బండి వస్తుంది? ఊరికీ క్యాంపుకూ మధ్య ఉన్న వంతెనను ముందు వారమే వీళ్ళ విమానాలు కూల్చాయి, అప్పటి నుంచి తమ్ముడు వాగులో దిగి నడిచి వస్తున్నాడు, మోటారు బండి దాటలేదు. ఊరి ఆసుపత్రిలో కరెంటు లేదని తమ్ముడే మాకు చెప్పాడు. కాల్చింది వీళ్ళు, వంతెన కూల్చింది వీళ్ళు, ఆసుపత్రి టెంటు ఇరవై అడుగుల్లో ఉంచుకుని రూలు చెబుతున్నదీ వీళ్ళే. పిల్లికి చెలగాటం అంటారే, అది అక్కడ కళ్ళారా చూశాను.

వంటశాలకు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మధ్యాహ్నం భోజనానికి సైనికులు అప్పటికే వరుస కడుతున్నారు. పెద్ద పెద్ద పొయ్యిల మీద కోడి కూర సగం ఉడికింది. పెద్దన్న కుంటుతూ గోడ దగ్గరికి వెళ్ళి గ్యాసు వాల్వు తిప్పేశాడు. పొయ్యిలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. వాల్వు ముందు నేల మీద కూర్చున్నాడు.

మేనేజరు ఉరికొచ్చాడు. ఏమైందని నన్నడిగాడు, నేను పెద్దన్నను అడిగాను.

"మా బాపుకు బువ్వ మోసిన పిలగాడు గేటు కాడ సస్తాండు. ఆన్ని లోపలికి తీస్కవోయేదాంక ఈ పొయ్యి అంటుకోదని చెప్పు" అన్నాడు.

చెప్పాను. మేనేజరు ఎర్రబడ్డాడు. మీ పాస్‌పోర్టులు నా దగ్గర ఉన్నాయి, గుర్తుందా అన్నాడు.

"ఏమంటుండు?" అని పెద్దన్న అడిగాడు.

"పాస్‌పోర్టులు ఆయన కాడ ఉన్నయంట."

"ఉండనియ్. పొయ్యి నా కాడుందని చెప్పు."

నేపాల్ కుర్రవాళ్ళు, బెంగాలీలు, మనవాళ్ళు, ఒక్కొక్కరే ఏప్రాన్లు విప్పి పెద్దన్న పక్కన కూర్చున్నారు. వరుసలో సైనికులు పెరిగిపోయారు, పళ్ళేల చప్పుడు ఎక్కువైంది. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. చివరికి కూడు ఏమైందో కనుక్కోవడానికి ఆ క్యాంపు పెద్ద అధికారే వచ్చాడు. నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన వినీ వినగానే చేతిలో రేడియో నోటి దగ్గర పెట్టుకుని ఒక్క మాట అన్నాడు. స్ట్రెచర్ టెంటులోకి వెళ్ళిపోయింది.

పిల్లలూ, ఇక్కడ నాకు మీతో పాటు సంబరపడాలని లేదు. ఆ ఒక్క మాట పొద్దున్నే అనొచ్చు. మనిషి నెత్తురు కారుతుంటే కదలని రూలు, వాళ్ళ పళ్ళెంలో కూర పడకపోయేసరికి కదిలింది. జనాన్ని కాపాడటానికి వచ్చిన వాళ్ళ సంగతి అది. పెద్దన్న లేచి పొయ్యి వెలిగించాడు, నేను గరిటె పట్టుకున్నాను. ఇచ్చిన మాట కదా, వడ్డించాం.

ఆ వరుసలో ఒక సైనికుడు పళ్ళెం పట్టుకుని నా ముందుకొచ్చి ఆగిపోయాడు. మూతి మీద మీసం కూడా సరిగా రాలేదు. పళ్ళెం అక్కడే పెట్టేసి వెళ్ళాడు. కాల్చింది అతనేనని తర్వాత తెలిసింది. ఎక్కడో తన ఊళ్ళో మీలాగే కాలేజీ బస్సు ఎక్కాల్సిన పిల్లవాడు. అతని మీద నాకు కోపం నిలవలేదు. అతణ్ణి తీసుకొచ్చి ఆ గోపురం ఎక్కించి, కింద కదిలేదంతా ముప్పేనని నూరిపోసిన వాళ్ళ మీద నిలిచింది. ఇప్పటికీ నిలిచే ఉంది.

తమ్ముడు బతికాడు. కాలు మాత్రం మోకాలి పైదాకా తీసేశారు. వెంటనే తెచ్చి ఉంటే కాలు దక్కేదని డాక్టరే నాతో అన్నాడు. ఎందుకు తేలేదో అతనికీ తెలుసు, తల దించుకుని అన్నాడు. బస్సు నడిపే మనిషి కాలు అది.

మర్నాడు వాణ్ణి చూడటానికి పెద్దన్ననూ నన్నూ టెంటులోకి రానిచ్చారు. తమ్ముడు కళ్ళు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టాడు. దుప్పటి కింద కాలు లేదని వాడికి ఇంకా తెలుసో తెలియదో. పెదాలు తడుపుకుని మా తెలుగులో అడిగాడు, "అన్నా, కాకి తిన్నదా?"

కాకి ఎక్కడ తింటుంది? తుపాకీ చప్పుడుకు ఒక్క పిట్ట మిగల్లేదు. ఆ పళ్ళెం బాంబు కాదని తేల్చుకున్నాక గారెలతో, పాయసంతో సహా గుంటలో వేసి కాల్చేశారు. అది పెద్దన్నా చూశాడు, నేనూ చూశాను.

పెద్దన్న వాడి నుదుటి మీద చెయ్యేశాడు. "తిన్నది బిడ్డా. కడుపునిండ తిన్నది" అన్నాడు. "ఉప్పు తక్కువ" అని తమ్ముడు నవ్వబోయాడు. బయటికొచ్చాక, తండ్రి పోయినప్పుడు ఏడవని మనిషి టెంటు తాడు పట్టుకుని ఏడ్చాడు.

కాస్త లేచి కూర్చోగానే తమ్ముడికి రెండు చంక కర్రలిచ్చి, గేటు పాసు రద్దు చేసి బయటికి పంపేశారు. కప్పు ఎక్కినవాడు కదా, భద్రతకు ముప్పట. ఎవరో చుట్టం తోపుడు బండి తెచ్చాడు. బండి మీద నుంచి "సల్లగుండు అన్నా" అన్నాడు. మా ఇద్దరినీ కూడా పొయ్యి ఆర్పిన పాపానికి ఇంటికి పంపించారు. ఆ తర్వాత ఆ ఊరు చాలా చేతులు మారిందని వార్తల్లో విన్నాను. కాపాడటానికి వచ్చినవాళ్ళు ఒకరోజు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. తమ్ముడు నాకిచ్చిన ఫోన్ నంబరు ఎన్నడూ కలవలేదు. పెద్దన్న పోయి కొన్నేళ్ళయింది.

ఇప్పుడు మలక్‌పేట్‌లో మా డాబా మీద పెత్రమాస నాడు నేనే పెడతాను. నాయినకు ఒక విస్తరి, అమ్మకు ఒకటి, పెద్దన్నకు ఒకటి. మా ఇంటావిడ ప్రతి ఏడూ నాలుగో విస్తరి కూడా తుడిచి పక్కన పెడుతుంది. ప్రతి ఏడూ అడుగుతుంది, "ఆ పిలగానికి పెడ్తవా?"

బతికున్న మనిషికి పెట్టకూడదు, అరిష్టం. పెడితే చనిపోయాడని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే, నిజంగానే పోయి ఉంటే, మాకోసం అంత ఎత్తు ఎక్కి అన్నం పెట్టినవాడికి ఈ లోకంలో ఒక్క ముద్ద పెట్టేవాడు లేనట్టు. మా బ్యాంకు పెద్దమనిషీ, అవతలి జనం అంటే మీకు వీడియోలో కప్పు. నాకు ఈ ఖాళీ విస్తరి.

"ఈ యేడు గూడ వద్దా?" అంది మొన్న పెత్రమాసకు.

"వద్దు" అన్నాను. తమ్ముడు బతికే ఉన్నాడు. అలాగే అనుకుని మెట్లు దిగి వచ్చాను.